అద్దం మీద తొక్కుడు

మా అమ్మాయి పనిచేసే షెడ్డులో ఒక పద్ధతి ఉంది. బల్ల తయారై, కొనేవాళ్ళు చూసుకోవడానికి వచ్చిన రోజున, ఆ బల్ల చేసిన మనిషి తన ఇంట్లోవాళ్ళలో ఒకరిని తీసుకొచ్చి పైనున్న అద్దం మీద నిలబెట్టాలి. చెప్పులు విప్పించి, నట్టనడుమ, కొనేవాళ్ళు ఇక చాలు అనేదాకా. దాన్ని అక్కడివాళ్ళు తొక్కుడు అంటారు. "ఈసారి తొక్కుడు ఎవరిది?" అని ఒకరంటే, "నిదానంగాడిది. వాళ్ళావిడ జడకు కొత్త క్లిప్పు కూడా కొనుక్కుందట" అని ఇంకొకరు నవ్వుతారు.

అక్కడ తయారయ్యేవి మన ఇళ్ళల్లో ఉండే నాలుగు కాళ్ళ బల్లలు కావు. కింద ఇనుముతో బొమ్మలాంటి ఆకారం ఉంటుంది. ఒకటి గాలికి వంగిన గడ్డిలా, ఒకటి తోక చుట్టుకుని పడుకున్న జంతువులా. పైన దళసరి అద్దం. మేకు లేదు, మర లేదు, జిగురు లేదు. అద్దం ఇనుము మీద ఊరికే కూర్చుంటుంది, మధ్యలో చిన్న రబ్బరు బిళ్ళలు, అంతే. అలా ఊరికే కూర్చోవడంలోనే అందమట. ఆ సంగతి విన్న రోజునే నాకు అనుమానం పట్టుకుంది. ఊరికే కూర్చున్నది ఊరికే లేచిపోదా?

నాకు భయం ఎక్కువ. దాచుకునే సంగతేమీ కాదు. మా ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. పెళ్ళయిన కొత్తలో, ఈపాటికి ఏ రెండంతస్తుల మధ్య తీగ పట్టుకుని వేలాడుతున్నాడో అనుకుంటూ పొయ్యి మీది గిన్నెలు మాడబెట్టేదాన్ని. ఆయన మాత్రం సాయంత్రం వచ్చి చేతులు కడుక్కుంటూ, "ఏమోయ్, ఇవాళ కూడా చావలేదు, ఏమీ అనుకోకు" అనేవాడు. కూతురైనా కూర్చుని చేసుకునే పని చూసుకుంటుందనుకున్నాను. అది వెల్డింగు నేర్చుకుంటానంది. కళ్ళు పోతాయే అన్నాను. మొహానికి అడ్డు పెట్టుకుంటారమ్మా అంది. ఒళ్ళు కాలుతుందే అన్నాను. నువ్వు పొయ్యి దగ్గర ఎన్నిసార్లు కాల్చుకోలేదు అంది. ఇక దాన్ని అడగడం మానేసి షెడ్డువాళ్ళను అడగడం మొదలుపెట్టాను. అది చేరిన కొత్తలో రోజూ ఫోను చేసి, చేతులకు తొడుగులు వేసుకుందా, తిందా, గ్యాసు సిలిండరు దూరంగా పెట్టారా అని ఎవరెత్తితే వాళ్ళను అడిగేదాన్ని. ఎత్తినవాడు ఫోను పక్కన పెట్టి "భయాలమ్మ గారండోయ్!" అని కేకేసేవాడట. షెడ్డు మొత్తానికీ నా పేరు అదే అయిపోయింది. మా అమ్మాయి మొదట్లో సిగ్గుపడింది. తరవాత అదీ వాళ్ళతో కలిసి నవ్వడం నేర్చుకుంది.

షెడ్డులో పాత మేస్త్రీ మోకాళ్ళ నొప్పులు పడలేక మానేస్తున్నాడని కబురు తెచ్చిన రోజున అది కంచం ముందు కుదురుగా కూర్చోలేకపోయింది. సగంలో లేచి, ఎంగిలి చేత్తోనే గదిలో అటూ ఇటూ తిరిగింది.

"సారు ఇద్దరి పేర్లు అనుకుంటున్నారు నాన్నా. నాదీ, నిదానందీ."

నిదానం అంటే అక్కడ ఇంకొక వెల్డరు. పని చేస్తున్నంతసేపూ ఈల వేసుకుంటూ, ఎవరు తొందరపెట్టినా "నిదానం, నిదానం" అంటాడట. మనిషి మంచివాడేనని అదే చెప్పింది.

"ఆడపిల్లను మేస్త్రీ అని పిలుస్తారుటే?" అన్నాడు మా ఆయన.

"మేస్త్రమ్మా అని పిలుస్తారు. పిలవనివాడికి పని ఇవ్వను."

"అబ్బో!"

"నవ్వకు నాన్నా. ఇన్నేళ్ళూ ఎవరో గీసిన గీతకు ఇనుము వంచాను. మేస్త్రీనైతే గీతే నాది. వంచేవాళ్ళు వేరే ఉంటారు. నేను చచ్చేలోపల నేను గీసిన ఆకారం ఒక్కటైనా లేచి నిలబడాలి."

"ఆ చచ్చే మాటెందుకే ఇప్పుడు" అన్నాను నేను.

తండ్రీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

సంగతేమిటంటే, హోటళ్ళు కట్టించే ఒక జంట ఆ షెడ్డుకు వచ్చారు. ముందుగా ఒక హోటలు హాల్లోకి ఒక పెద్ద బల్ల కావాలి. అది నచ్చితే వాళ్ళ హోటళ్ళన్నిటికీ అక్కడే చేయిస్తారు. సారు, అంటే ఆ షెడ్డు యజమాని, మా అమ్మాయిని పిలిచి, ముందు నువ్వు గియ్యి, నువ్వే చెయ్యి అన్నాడట. వాళ్ళు ఒప్పుకుంటే మేస్త్రీ తనే. కాదంటే నిదానం గీస్తాడు, ఇక మేస్త్రీ అతనే.

"మళ్ళీ ఇంకో మాటు అంటూ ఉండదమ్మా" అంది. అంటున్నప్పుడు దాని గొంతు నాకు కొత్తగా వినబడింది. పరీక్షలకు కూడా ఎన్నడూ అలా కంగారుపడిన పిల్ల కాదు.

అది గీసిన బొమ్మ చూపించింది. ఇద్దరు చెరో కొసా పట్టుకుని తడి దుప్పటిని మెలిపెట్టి పిండుతారు చూడండి, ఆ మెలిక. ఇనుప పట్టీలన్నీ నేలనుంచి మెలితిరుగుతూ పైకి లేచి, నడుము దగ్గర సన్నబడి, పైన దుప్పటి కొసలు విచ్చుకున్నట్టు మూడు చేతులుగా విచ్చుకుంటాయి. ఆ మూడు చేతుల మీద అద్దం.

"ఇది నువ్వూ నేనూ దుప్పటి పిండటమే కదే" అన్నాను.

"సారుతో అనకు. ఆయన దీనికి 'సుడి' అని పేరు పెట్టాడు. దుప్పటి అంటే ఎవరూ కొనరు."

పని పూర్తికావస్తోందనగా సారే స్వయంగా మా ఇంటికి వచ్చాడు. ఆ మాటకారి మనిషి టీ తాగుతున్నంతసేపూ మా అమ్మాయి చెయ్యి ఎంత మంచిదో చెప్పాడు. తరవాత గ్లాసు కింద పెట్టి తొక్కుడు సంగతి ఎత్తాడు.

"నేనున్నాగా సారూ. ఎక్కి గంతులు కూడా వేస్తా" అన్నాడు మా ఆయన.

"మీరెక్కితే ఎవరు నమ్ముతారండీ? తీగలు పట్టుకుని వేలాడే మనిషి మీరు. అసలు చిక్కేమిటంటే, ఆ కొనే జంటలో ఆవిడకు అద్దమంటే హడలు. చిన్నప్పుడెప్పుడో అద్దాల తలుపు పగిలి మీద పడిందట. బల్ల కింద ఇనుము బాగుంది, పైన చెక్క వెయ్యకూడదా అంటోంది. చెక్క వేస్తే ఇక ఈ పిల్ల పనంతా కనబడకుండా పోతుంది. ధైర్యవంతులు పదిమంది ఎక్కినా ఆవిడ నమ్మదు. ఆవిడ కంటే ఎక్కువ భయపడే మనిషి ఎక్కాలి."

అందరూ నావైపు చూశారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "స్టూలెక్కి బల్బు మార్చమంటేనే నాకు కళ్ళు తిరుగుతాయి బాబూ" అన్నాను.

"అదేగా కావలసింది!" అన్నాడాయన, చాలా సంతోషంగా.

"అమ్మను బలవంతపెట్టకండి సారూ" అంది మా అమ్మాయి. అది ఆ మాట మనసులోంచే అంది. నేను దాని మొహం చూశాను. వద్దంటోంది, కానీ నేను అవుననాలని కూడా ఉంది. కన్నతల్లికి ఆ మాత్రం తెలియదా? ఎక్కుతానని చెప్పాను. చెప్పి వంటింట్లోకి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డాను.

తొక్కుడు రేపనగా అది సాయంత్రం బాగా ఆలస్యంగా వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. వేలి కణుపు మీద కొత్తగా కాలిన మచ్చ. ఏమిటే అంటే ఏమీ లేదంది. కంచంలో వేళ్ళు ఆడిస్తూ కూర్చుంది. ఎవరైనా ఏమైనా అన్నారా, ఒంట్లో బాగాలేదా, ఆ నిదానం ఏమైనా కిరికిరి పెట్టాడా, ఆ మచ్చకు మందు రాశావా అని నేను వరసపెట్టి అడిగాను. మామూలుగా అయితే విసుక్కునేది. ఆ రోజు విసుక్కోలేదు.

చివరికి అడగవలసింది అడిగాను. "బల్ల గట్టిగానే ఉంది కదే?"

"గట్టిగానే ఉందమ్మా."

"నన్ను చూసి చెప్పు."

చూసింది. "గట్టిగానే ఉంది. నీకు మరీ భయమైతే ఇప్పుడే చెప్పు, మానేద్దాం."

"మానేస్తే?"

"ఆవిడ చెక్క వెయ్యమంటుంది. లేదా వద్దంటుంది."

"మరి మాటిచ్చాక మానడమేమిటి" అన్నాను. దానికి ధైర్యం చెబుతున్నాననుకున్నాను నేను.

మర్నాడు షెడ్డు ముందరి గదిలో బల్లను పెట్టి, చుట్టూ నేల తుడిచి ఉంచారు. మొట్టమొదటిసారి చూశాను దాన్ని. నిజం చెప్పాలంటే నా భయం ఒక్క నిమిషం నన్ను వదిలేసింది. అంత ఇనుము, ఇప్పుడే తడి ఆరుతున్న గుడ్డలా ఉంది. పట్టుకు పిండితే నీళ్ళు కారేలా ఉంది. ఇది నా కడుపున పుట్టిన పిల్ల చేసిందా అనిపించి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ కొనే ఆవిడ బల్లకు దూరంగా, గోడవార నిలబడింది. నేనూ ఆవిడా ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. భయపడేవాళ్ళు భయపడేవాళ్ళను ఇట్టే గుర్తుపడతారు.

"ఈవిడే అండీ ఈ అమ్మాయి తల్లిగారు. షెడ్డులో అందరూ భయాలమ్మ అంటారు" అన్నాడు సారు. "సిలిండరు దూరంగా పెట్టారా అని రోజూ ఫోను చేసేవారు."

నవ్వులు. గ్రైండరు పట్టే సైలెన్సరు అందరికంటే గట్టిగా నవ్వాడు. నెమ్మదిగా మాట్లాడటం చేతకాక ఆ పేరు తెచ్చుకున్న మనిషి అతను. మా అమ్మాయి చేసిన అతుకులన్నీ అరగదీసి నునుపు చేసేది అతనే.

చిన్న మెట్టు పెట్టారు. చెప్పులు విప్పాను. అద్దం చల్లగా తగిలింది. ఒక కాలు పెట్టి, రెండోది పెట్టలేక అలాగే ఉండిపోయాను. మా ఆయన "పదవోయ్, లిఫ్టు వెళ్ళిపోతోంది" అన్నాడు. రెండో కాలు పెట్టాను. ఒళ్ళంతా వణుకుతోంది. మోకాళ్ళు నా మాట వినడం లేదు. పాదాల కింద నేల లేదు, ఇనుప మెలిక ఉంది, దాని కింద చాలా లోతుగా ఉన్నట్టు గచ్చు ఉంది. దేవుడా దేవుడా అనుకుంటూ మా అమ్మాయి వైపు చూశాను, నన్ను చూసి కాస్త నవ్వుతుందేమోనని. అది నన్ను చూడటం లేదు. అద్దం కింద, ఆ మూడు చేతుల్లో కిటికీ వైపుకున్నదాన్నే చూస్తోంది. రెప్ప వెయ్యడం లేదు. తన పనిని తను చూసి మురిసిపోతోందనుకున్నాను. మురవనీ, ఇవాళ దాని రోజు, అనుకున్నాను.

ఆ కొనే ఆవిడ గోడ వదిలి నాలుగడుగులు ముందుకొచ్చింది. నా కాళ్ళు చూసింది, మొహం చూసింది. "చాలండీ, పాపం, దించండి" అంది. తరవాత తనే వచ్చి అద్దం అంచు మీద వేలు పెట్టి చూసింది. "సరే, అద్దమే ఉంచండి" అంది.

మా అమ్మాయి ఒక్కసారిగా నేల మీద చతికిలబడింది. సంతోషమనే అనుకున్నాం అందరం. సారు చప్పట్లు కొట్టించాడు. నిదానం వచ్చి దానితో చెయ్యి కలిపి, "మేస్త్రమ్మా, నాకు మాత్రం తొందర పని చెప్పకు" అన్నాడు. మా ఆయన ఇంటికి వెళ్ళే దారంతా నన్ను వేళాకోళం చేస్తూనే ఉన్నాడు. "చూశావా, ఊరికే హడలిపోయావు. నీ భయాలన్నీ ఇంతే. అన్నీ నీ బుర్రలోనే."

మర్నాడు నా గొడుగు అక్కడే మరిచిపోయానని గుర్తొచ్చి షెడ్డుకు వెళ్ళాను. మా అమ్మాయి లేదు. కొత్త కొలతలు తీసుకోవడానికి సారుతో కలిసి హోటలుకు వెళ్ళిందట. లోపల గ్రైండరు చప్పుడు. చూద్దును కదా, ఆ బల్లే. అద్దం తీసి గోడకు ఆనించారు. ఇనుమును తలకిందులుగా తిప్పి పెట్టారు. మూడు చేతుల్లో ఒకదాన్ని మొదలంటా కోసేసి పక్కన పడేశారు. సైలెన్సరు దాని ముందు కూర్చుని అరగదీస్తున్నాడు.

"అయ్యో, ఏమైంది? వద్దన్నారా వాళ్ళు?"

"పిన్నీ! రా రా!" అని అరిచి, మిషను కట్టేసి లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించాడు. వెటకారానికేమో అనుకున్నాను. కాదు, నిజంగానే దండం పెట్టాడు. "నీకు ముందు దండం పెట్టాలి పిన్నీ. ఇన్నాళ్ళూ నిన్ను భయాలమ్మ అన్నందుకు నా నోరు కుట్టుకోవాలి. తెలిసి కూడా ఎక్కావంటే నువ్వు మామూలు మనిషివి కాదు."

"ఏం తెలిసి?"

అతనికి నా మాట వినబడలేదు. వినే మనిషి కాదు. కోసిన చేతిని ఎత్తి నా ముందు పెట్టాడు. "ఇదిగో, చూడు. అతుకు లోపలిదాకా పట్టనే లేదు. పైన పైన పట్టింది. తొక్కుడుకు ముందురోజు నేను అరగదీస్తుంటే నాకే దొరికింది. మీ అమ్మాయి వచ్చి చూసి తెల్లబోయింది. కోసి మళ్ళీ అతికి, పాలిష్ పట్టి, రంగు వెయ్యాలంటే వారం. అవతల వాళ్ళు తెల్లారితే వస్తున్నారు. నేనన్నాను, సారుకు చెప్పేద్దాం అని. అది ఏడ్చింది పిన్నీ. అప్పుడంది, అమ్మకు అంతా చెబుతాను, అమ్మ ఎక్కుతానంటేనే ఎక్కిస్తాను అని. పొద్దున వచ్చి, అమ్మకు చెప్పాను, ఫరవాలేదు ఎక్కుతానంది అని చెప్పింది. అప్పుడు కానీ నేను నోరు మూసుకోలేదు. తెలిసి ఎక్కేవాళ్ళను కాదనడానికి మనమెవరం!"

నేను ఆ ఇనుప ముక్కను చూశాను. కోసిన చోట లోపలంతా నల్లగా ఉంది. చుట్టూ అంచున మాత్రం గోటి చివరంత మందాన తెల్లటి మెరుపు. అంతవరకే ఇనుము ఇనుముతో కలిసింది. మిగతాది పక్కపక్కన ఊరికే ఉంది.

"ఏం పిన్నీ, నిజమేనా? నీకు చెప్పింది కదా?" అన్నాడు. ఈసారి కాస్త తగ్గి అన్నాడు. నా మొహంలో ఏమి కనబడిందో ఏమో.

లేదన్నానంటే వాడికి ఆ ఒక్క మాట చాలు. సారు చెవిన పడటానికి సాయంత్రం దాకా కూడా పట్టదు, ఆ గొంతుకు.

"చెప్పింది నాయనా" అన్నాను. "చెప్పకుండా ఎలా ఉంటుంది."

గొడుగు తీసుకుని వచ్చేశాను. దారిలో ఎండ మాడిపోతున్నా దాన్ని విప్పాలని తోచలేదు.

అది ఇంటికి వచ్చేసరికి నేను దుప్పట్లు మడతపెడుతున్నాను. గలగలా మాట్లాడుతూ వచ్చింది. హోటలు హాలు ఎంత పెద్దదో, బల్ల ఎక్కడ పెడతారో, సారు తనను అందరికీ ఎలా పరిచయం చేశాడో చెప్పుకుపోతోంది.

"గొడుగు తెచ్చుకోవడానికి షెడ్డుకు వెళ్ళానే" అన్నాను.

ఆగిపోయింది.

"సైలెన్సరు నాకు దండం పెట్టాడు."

నెమ్మదిగా మంచం అంచున కూర్చుంది. "నిలుస్తుందని నాకు తెలుసమ్మా. నూటికి తొంభై పాళ్ళు నిలుస్తుంది. మూడు చేతుల్లో రెండు బాగానే ఉన్నాయి. నీ బరువెంత?"

"ఆ పది పాళ్ళ సంగతి?"

"ఆ అద్దం అలాంటిలాంటిది కాదు. పగిలినా కత్తుల్లా పగలదు, చిన్న చిన్న గుళ్ళుగా రాలిపోతుంది. పడితే ఆ ఎత్తునుంచి పడతావంతే."

"పడితే తుంటి విరుగుతుంది ఈ వయసులో."

"అమ్మా, నువ్వు ప్రతిదానికీ..." అని మొదలుపెట్టి, ఆ మాట ఇవాళ చెల్లదని తనకే తోచి మింగేసింది. కాసేపటికి గొంతు పెంచింది. "నేను మాత్రం ఏం చెయ్యను? అతుకు పట్టలేదని చెబితే, ఆడదాని చెయ్యి ఇంతే అనేవాళ్ళు. నిదానం అతుకు పట్టకపోతే ఇనుము మంచిది కాదంటారు. నీకేం తెలుసు అక్కడ ఎలా ఉంటుందో!"

"నాకు చెప్పాల్సింది."

"చెబితే ఎక్కేదానివా? నువ్వా?" అంది. నవ్వు కూడా వచ్చింది దానికి, ఏడుపులోంచి. "స్టూలు ఎక్కవు, మెట్లు దిగేటప్పుడు గోడ వదలవు. అతుకు పట్టలేదని తెలిసి ఎక్కేదానివా?"

"ఎక్కేదాన్నే."

అది నమ్మలేదు. నా మొహంలోకి చూసి, నమ్మడానికి ప్రయత్నించి, నమ్మలేక చూపు తిప్పుకుంది. ఆ మాట ఒట్టేసి చెప్పగలను నేను. మరి కాసేపు వణికి ఉండేదాన్ని, మరి నాలుగు దేవుళ్ళను పిలిచి ఉండేదాన్ని, కానీ ఎక్కేదాన్ని. నా పిల్ల ముచ్చట కోసం కళ్ళు తెరుచుకుని చెయ్యగలిగిన ఒక్క పనిని, నా కళ్ళు మూసి చేయించుకుంది. అడిగితే ఇచ్చేదాన్ని. అడగలేదు. షెడ్డులో వాడికేమో అడిగానని చెప్పుకుంది.

అప్పుడే మా ఆయన మిఠాయి డబ్బా పట్టుకుని లోపలికి వచ్చాడు. "ఏమర్రా, ఎవరు పోయారని ఆ మొహాలు? మేస్త్రమ్మా, నోరు తెరు" అని దాని నోట్లో ఒక ముక్క పెట్టాడు. నాకూ పెట్టాడు. తిన్నాను. ఆయనకు చెప్పలేదు. చెబితే కూతుర్ని ఎలా చూస్తాడో నాకు తెలుసు. ఆ చూపు దాని మీద పడకూడదు. ఇప్పటిదాకా ఏ చిన్న భయాన్నీ ఆయనకు చెప్పకుండా దాచింది లేదు. ఇదొక్కటే దాచాను.

మా అమ్మాయి మేస్త్రీ అయింది. చేతిని మళ్ళీ అతికి, ఈసారి లోపలిదాకా పట్టించి, బల్లను పంపించారు. హోటళ్ళవాళ్ళకు అది నచ్చింది. తరవాత ఇంకొకటి, ఇంకొకటి. నేను షెడ్డుకు ఫోను చెయ్యడం మానేశాను. చేసి ఏమడగను? చెప్పే జవాబు వినడానికి బాగానే ఉంటుంది.

అనుకోనిదేమిటంటే, తొక్కుడు నాకే ఖాయమైపోయింది. ఆ హోటలు ఆవిడ నలుగురికీ చెప్పిందట, ఆ షెడ్డులో ఒక భయస్తురాలు ఉంది, ఆవిడే ఎక్కి చూపిస్తుంది అని. వచ్చినవాళ్ళు ఆవిడేదీ అని అడుగుతున్నారు. ఎవరు చేసిన బల్లైనా ఇప్పుడు మేస్త్రీ పేరు మీదే వెళుతుంది కాబట్టి, మేస్త్రీ తల్లిగా నేనే ఎక్కుతున్నాను. మా అమ్మాయి ప్రతిసారీ తొక్కుడుకు ముందురోజు నా చుట్టూ తిరుగుతుంది.

"ఈసారి అన్ని అతుకులూ నేనే దగ్గరుండి చూశానమ్మా."

"సరే."

"కావాలంటే వచ్చి చూడు. కోసి చూపిస్తా."

"వద్దులే."

"ఏమీ అడగవేంటమ్మా?"

"ఎన్ని గంటలకు రావాలో చెప్పు."

ఇలా కొన్ని అయ్యాక, ఒకనాడు కొనేవాళ్ళు రాకముందే సారు నన్ను తన గదిలోకి పిలిచాడు. మా అమ్మాయి అక్కడే కాగితాలు పరుచుకుని ఏదో గీస్తోంది.

"ఒక్క మాట అమ్మా, ఏమీ అనుకోకండి. మొదట్లో మీరెక్కుతుంటే చూసేవాళ్ళకు గుండె ఆగినంత పనయ్యేది. ఈ మధ్య ఇంట్లో గడప దాటినట్టు ఎక్కేస్తున్నారు. నిలబడి కిటికీలోంచి బయటకు చూస్తున్నారు. కొనేవాళ్ళకు నమ్మకం కుదరడం లేదు. మొన్న ఒకాయన, ఈవిడ జీతానికి ఎక్కే మనిషా అని అడిగాడు. కాస్త భయపడాలి మీరు."

"భయం వెయ్యడం లేదు బాబూ" అన్నాను. నిజమే. పడితే ఏమవుతుందో ఇప్పుడు నాకు తెలుసు, గుళ్ళుగా రాలుతుంది, తుంటి విరుగుతుంది. అంతకంటే పెద్దదేదో జరగవచ్చని కదా ఇన్నాళ్ళూ హడలిపోయింది.

"వెయ్యకపోతే వేసినట్టు ఉండండి. మేస్త్రమ్మా, నువ్వు చెప్పు మీ అమ్మకు."

అది పెన్సిలు ఆపింది. తల ఎత్తకుండానే అంది, "మొదటిసారి ఎలా ఎక్కావో అలాగే ఎక్కమ్మా."

అలాగే ఎక్కాను. ఆ రోజు వచ్చింది ఒక ముసలాయన, ఆయన కూతురు. చెప్పులు విప్పి, ఒక కాలు పెట్టి ఆగాను. రెండోది తీసి, మళ్ళీ దించి, మళ్ళీ పెట్టాను. మోకాళ్ళు వణికించాను. దేవుడా దేవుడా అన్నాను, అందరికీ వినబడేలా. సారు వెనకనుంచి చిన్నగా తల ఊపాడు.

"అంత భయమెందుకండీ?" అంది ఆ ముసలాయన కూతురు. "మీ అమ్మాయి చేసిందే కదా?"

"మా అమ్మాయి చేసిందనే" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. ముసలాయనకు దగ్గు కూడా వచ్చింది. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఎటు చూడాలో తెలియక, రబ్బరు బిళ్ళలు సరిచూస్తున్నదానిలా వంగి, బల్ల కిందికి తల దూర్చింది. సరిగ్గా నా పాదాల కింద, అద్దం అవతల, దాని నడినెత్తి కనబడింది.

లే, లేవే, తల అక్కణ్ణించి తియ్యి అని అరవబోయాను. గొంతు పెగల్లేదు. అంత అద్దం, దాని మీద నేను, ఆ కింద అది. కాళ్ళు వణకడం మొదలుపెట్టాయి. ఈసారి నేను వణికించడం లేదు. చేతులు చాచి గాల్లో దేన్నో పట్టుకోబోయాను. చెమట కళ్ళల్లోకి కారుతోంది. కదిలితే ఏమవుతుందో, కదలకపోతే ఏమవుతుందో తెలియడం లేదు.

"చూశారా అండీ" అంటున్నాడు సారు, ఎంతో తృప్తిగా. "అదీ భయమంటే."